నాన్నకు మనిషి ఆనడు, బాబాయికి గుమ్మం ఆనదు

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. 17 ఏళ్లుగా షుగరు ఉంది. మూడేళ్ల కిందట రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించాం. ఏడాదిన్నర బాగానే చూశారు. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డా మమ్మల్ని పోల్చుకోలేకపోతున్నారు. పేపరు చదవడం మానేశారు. కానీ నేల మీద పడ్డ అగ్గిపుల్లను మాత్రం తీసి పక్కన పెడతారు. ఇంట్లో తడుముకోకుండా తిరుగుతారు. టీవీకి పక్కగా తిరిగి కూర్చుంటారు. "అగ్గిపుల్ల కనపడే మనిషికి నా మొహం కనపడదా, అంతా నాటకం" అని అమ్మ గొడవ. రెండు కళ్లూ 6/60 అని, నరం వీక్ అని, అద్దాలు మార్చినా లాభం లేదని చెప్పారు. కంట్లో ఒక ఇంజెక్షన్ వేయించాం, తేడా తెలియక మానేశాం. మా బాబాయిది ఇందుకు పూర్తిగా తలకిందులు. ఆయనకు 58. పేపర్లో సన్నక్షరాలు కూడా చదువుతారు, కానీ గుమ్మం తగులుకుని పడుతుంటారు. ఈ మధ్య సాయంత్రాలు వరండాలో ఎవరో పిల్లలు కూర్చున్నారని నాన్న అంటున్నారు. అక్కడ ఎవరూ ఉండరు. భయంగా ఉంది. ఇది ఏ జబ్బు? మళ్లీ ఆపరేషన్ చేయిస్తే చూపు వస్తుందా? మాకూ వస్తుందా? – ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ముందుగా మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి. అది నాటకం కాదు. ఆయన చూపు గురించి మీరు రాసినవన్నీ ఒకే చోట దెబ్బ తగిలిందని చెప్పే గుర్తులు.

కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పలచని పొర రెటీనా. దాని నడిమధ్యలో, అయిదారు మిల్లీమీటర్ల వెడల్పున ఉండే చోటును మాక్యులా అంటారు. అక్షరాలు చదవడం, ముఖాలు పోల్చుకోవడం, సూదిలో దారం ఎక్కించడం, రంగుల్లో తేడా పట్టడం, అన్నీ దాని పనే. చుట్టూ ఉన్న మిగతా రెటీనా నడవడానికి, పక్క నుంచి వచ్చే బండిని గమనించడానికి, మసక వెలుతురులో దారి చూసుకోవడానికి పనికొస్తుంది. మీ నాన్నగారికి నడిమి చూపు పోయి అంచు చూపు మిగిలింది. నేరుగా చూస్తే చూసిన వస్తువు మీదే మచ్చ పడుతుంది. ఎదురుగా నిలబడ్డ మీ అమ్మగారి ముఖం ఆ మచ్చలో పడిపోతుంది. అగ్గిపుల్ల ఆ మచ్చకు పక్కన పడింది కాబట్టి ఆనింది. టీవీకి పక్కగా తిరగడం కూడా అందుకే. బాగున్న అంచును బొమ్మ మీదికి తిప్పుకోవడం ఎవరూ నేర్పకుండానే ఆయన నేర్చుకున్నారు. దయచేసి "నేరుగా చూడు" అని సరిచేయకండి.

మీ బాబాయిగారికి నడిమి చూపు మిగిలి, అంచులు పోతున్నట్టు ఉంది. గొట్టంలోంచి చూస్తే పేపర్లో అక్షరం స్పష్టంగానే కనపడుతుంది. కాలి దగ్గరి గడపా, భుజం దగ్గరి తలుపూ మాత్రం కనపడవు.

ఇక "నరం వీక్" గురించి. ఆ మాట జబ్బు పేరు కాదు. మన దగ్గర రెటీనా చెడినా, కంటి వెనక నుంచి మెదడుకు వెళ్లే నరం చెడినా, రెంటికీ ఆ ఒక్క మాటే వాడేస్తారు. దానితో ఇంటికి వచ్చేస్తే మిగిలేది నిరాశ ఒక్కటే. ఏ జబ్బో పేరు తెలిస్తేనే దానికి ఇంకా మందు ఉందా, ఇంట్లో మిగతావాళ్లు చూపించుకోవాలా, ఏ పరికరం పనికొస్తుంది, ఏది దండగ అన్నవి తేలతాయి. ఈసారి వెళ్లినప్పుడు జబ్బు పేరు ఫైలులో రాయించుకుని, చదివి చెప్పించుకుని రండి.

ఉత్తరం చూసి జబ్బును ఖాయం చేయలేం గానీ, 17 ఏళ్ల షుగరు, నడిమి చూపు పోవడం, కంట్లో ఇంజెక్షన్, ఈ మూడూ కలిపితే మీ నాన్నగారికి షుగరు వల్ల మాక్యులాలో వాపు వచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఏళ్ల తరబడి షుగరు ఎక్కువగా ఉంటే రెటీనాలోని సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడి నీరు, కొవ్వు కారుతాయి. అవి మాక్యులాలో చేరితే తడిసిన అట్టలా అది ఉబ్బుతుంది. ఓసీటీ అనే స్కాన్‌లో ఆ మందం మైక్రాన్లలో వస్తుంది. మామూలు కంటిలో నడిమధ్య 250 ప్రాంతంలో ఉంటుంది, మెషీన్‌ను బట్టి కాస్త అటూ ఇటూ. మీ ఫైలులో 400, 500 అని ఉంటే వాపు ఇంకా ఉన్నట్టే. అంటే చేయవలసింది ఇంకా మిగిలే ఉంది. మందం మామూలుకు వచ్చేసి, పొరలు పలచబడి, చూపు మాత్రం రాకపోతే అప్పుడు కణాలే పోయినట్టు. ఈ రెండు పరిస్థితులకూ "లాభం లేదు" అనే ఒకే మాట సరిపోదు.

ఇక్కడే ఆ ఒక్క ఇంజెక్షన్ సంగతి. కారే నాళాలను అణిచే ఈ మందులు (బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్) కంటిలో పనిచేసేది కొన్ని వారాలే. అందుకే మొదట్లో నెలకొకటి చొప్పున వరుసగా వేస్తారు. మొదటి ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది దాకా కావలసి రావచ్చు. తర్వాతి ఏళ్లలో తగ్గుతాయి. ఒకటి వేయించి తేడా లేదని మానేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ఖర్చు భయపెడుతుందని తెలుసు. ఈ మూడింటిలో బెవాసిజుమాబ్ బాగా చవక, దాన్ని వాడే వీలుందా అని మొహమాటం లేకుండా అడగండి. ఈ మధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే ముందే చెప్పండి. సూది వేసిన రెండు మూడు రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే మరునాటి దాకా ఆగకుండా అదే రోజు వెళ్లాలి. అది కంటి లోపల ఇన్ఫెక్షన్ కావచ్చు.

కొందరికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తారు. దానితో కంటి ప్రెషర్ పెరిగే ప్రమాదం ఉంది. మీ బాబాయిగారికి నీటికాసులు (కంటి నరాన్ని మెల్లగా చంపే జబ్బు) అని తేలితే ఆ మాట మీ నాన్నగారి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. తోబుట్టువుకు ఉన్న జబ్బు ఇక్కడ లెక్కలోకి వస్తుంది. అలాగే షుగరుకు పయోగ్లిటజోన్ ఉన్న మాత్ర వాడుతున్నారేమో స్ట్రిప్పు వెనక చూడండి. అది కొందరిలో ఈ వాపును పెంచుతుంది. మీరే ఆపేయకండి, షుగరు డాక్టరుకు చూపించండి. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 7 శాతం దగ్గరికి రావాలి, బీపీ కూడా అదుపులో ఉండాలి, మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూడాలి. ఇవి కుదరకపోతే కంట్లో ఎన్ని సూదులు వేసినా ఒక కుండకు చిల్లు పూడుస్తుంటే పక్కన ఇంకోటి పడ్డట్టే.

మళ్లీ ఆపరేషన్ సంగతి అడిగారు. శుక్లం ఒకసారి తీశాక మళ్లీ రాదు. అయితే లోపల పెట్టిన లెన్సు వెనక ఉండే సన్నటి పొర కొందరిలో నెలలు, ఏళ్లు గడిచాక మసకబారుతుంది. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో దానికి కిటికీ చేస్తారు, కోత ఉండదు. ఆపరేషన్ తర్వాత ఏడాదిన్నర బాగుండి తగ్గిందంటున్నారు కాబట్టి ఇదీ కొంత తోడైందేమో అడగాలి. ఇంట్లో చిన్న పరీక్ష ఒకటి ఉంది. పెళ్లిపత్రిక లాంటి మందపాటి అట్టకు లావుపాటి సూదితో ఒక మిల్లీమీటరు రంధ్రం చేయండి. ఒక కన్ను మూయించి, మంచి వెలుతురులో గోడ మీది క్యాలెండర్‌ను ఆ రంధ్రంలోంచి చూపించండి. అంకెలు తేటపడితే అద్దాలతో ఇంకా కొంత సాధించవచ్చు. తేడా లేకపోయినా, ఇంకా మసకైనా లోపం వెనక రెటీనాలోనో నరంలోనో ఉండొచ్చు. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు. ఏం అడగాలో మీకు తెలియడానికి మాత్రమే.

మీ బాబాయిగారి విషయంలో ఒక ప్రశ్న చాలా తేల్చేస్తుంది. చిన్నప్పటి నుంచీ, అంటే పదిహేను, ఇరవై ఏళ్ల వయసు నుంచే చీకటి పడ్డాక దారి కనపడేది కాదా? అలా అయితే రెటినైటిస్ పిగ్మెంటోసా, మన పెద్దలు రేచీకటి అన్న వాటిలో ఒకటి, అయి ఉండవచ్చు. ఇది జన్యువులతో వచ్చేది, మేనరికాలున్న ఇళ్లలో ఎక్కువ. అలాంటి వాళ్లలో కూడా శుక్లం, మాక్యులా వాపు తోడైతే వాటికి వైద్యం ఉంది, కాబట్టి "మందే లేదు" అని చూపించుకోవడం మానకూడదు. విటమిన్ ఏ మాత్రలు సొంతంగా దండిగా మింగడం మాత్రం వద్దు. చిన్నపిల్లలకు ఆ విటమిన్ లోపం వల్ల వచ్చే రేచీకటి వేరు, ఇది వేరు.

రాత్రి ఇబ్బంది ముందు లేక, ఈ నాలుగైదేళ్లలోనే తగులుకోవడం మొదలైతే నీటికాసులు, అంటే గ్లాకోమా, అనుమానించాలి. కంటి ప్రెషర్ సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. అది పెరిగినప్పుడు, ఒక్కోసారి మామూలుగా ఉన్నప్పుడు కూడా, కంటి నరం కొద్దికొద్దిగా చస్తుంది. నొప్పి ఉండదు, చదువు ఆగదు. అందుకే పేపరు చదివే మనిషి నా కళ్లు భేషుగ్గా ఉన్నాయనుకుంటాడు. పోయిన భాగం తిరిగి రాదు, మిగిలింది నిలుపుకోవడమే వైద్యం. ప్రెషర్ ఒక్కటే చూసి పంపేస్తే సరిపోదు. నరం ఎలా ఉందో చూడాలి, చూపు ఎంత వెడల్పున ఉందో కొలిచే ఫీల్డ్ టెస్టు చేయాలి, కంటి లోపల నీరు పోయే మూల తెరుచుకుని ఉందో మూసుకుందో కూడా చూడాలి. దురదకూ ఎరుపుకూ మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలను నెలల తరబడి వేసుకున్నారేమో అడగండి. నీటికాసులు రావడానికి అదీ ఒక దారి.

నీటికాసులకు ఇచ్చే చుక్కల మందు జీవితాంతం వేయాలి, అది వేయడంలోనే సగం మంది తప్పుతారు. కింది రెప్పను వేలితో లాగి, ఏర్పడిన సంచిలో ఒకే చుక్క వేయాలి. కంటిలో పట్టేది ఒక చుక్క కూడా పూర్తిగా కాదు, రెండోది చెంప మీదికి పోతుంది. వెంటనే కళ్లు మూసుకుని ముక్కు పక్కన, కంటి మూలను వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచాలి. లేకపోతే మందు గొంతులోకి, రక్తంలోకి దిగుతుంది. రెండు రకాల మందులుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగాలి. సీసా తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాసి, నెల దాటితే పారేయాలి. ఆస్తమా ఉన్నవాళ్లు టిమోలాల్ చుక్కలు రాసే ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మీకూ వస్తుందా అన్నారు. షుగరు వల్ల వచ్చే రెటీనా జబ్బు షుగరు లేకపోతే రాదు. మీకు ఎప్పుడైనా షుగరు బయటపడితే, ఆ రోజు నుంచే ఏటా కంటిపాపను పెద్దది చేసే మందు వేయించుకుని రెటీనా చూపించుకుంటే, చూపు తగ్గకముందే పట్టుకోవచ్చు. చూపు బాగుందని ఆగకండి, మొదటి దశల్లో చూపు బాగానే ఉంటుంది. నీటికాసులైతే రక్తసంబంధంలో నడుస్తుంది. బాబాయిగారికి అది అని తేలితే ముందు చూపించుకోవలసింది ఆయన పిల్లలు, తోడబుట్టినవాళ్లు. అందులో మీ నాన్నగారూ ఉన్నారు. 40 దాటాక మీరూ ఒకసారి చూపించుకోండి.

వయసు పైబడితే వచ్చే మాక్యులా జబ్బు కూడా మీ నాన్నగారి లాంటి లక్షణాలనే ఇస్తుంది. అందులో ఒక గుర్తుంది. ఒక కన్ను మూసుకుని కిటికీ చువ్వలను చూస్తే అవి వంకర తిరిగి కనిపిస్తాయి. అలా కొత్తగా కనిపిస్తే వారంలోపు రెటీనా డాక్టరును చూడాలి, ఆలస్యమైతే మచ్చ కట్టేస్తుంది. చుట్ట, బీడీ తాగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

ఇప్పుడు 6/60 సంగతి. మామూలు చూపున్నవాళ్లు 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని మీ నాన్నగారు 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చదవగలరని అర్థం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మంచి అద్దాలు పెట్టాక కూడా మెరుగైన కన్ను 6/18 కన్నా తక్కువై, 3/60 దాకా ఉంటే అది లో విజన్. చూపు వెడల్పు 40 డిగ్రీల కన్నా తగ్గి 10 దాకా ఉన్నా లో విజనే, కాబట్టి పేపరు చదివే మీ బాబాయిగారు కూడా ఇందులోకి రావచ్చు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛను, రాయితీల వంటి వాటికి అడగవచ్చు. యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, మన రెండు రాష్ట్రాల్లో జనం దీన్ని సదరం సర్టిఫికెట్టు అనే అంటారు. బాబాయిగారికి ఫీల్డ్ టెస్టు కాగితం వెంట పెట్టండి. లేకపోతే చార్టు చదివేశారని వెనక్కి పంపే ప్రమాదం ఉంది.

చదవడానికి భూతద్దం ఎంత పవరుండాలో ఒక మోటు లెక్క ఉంది. 60ని 6తో భాగిస్తే 10. అంటే 10 డయాప్టర్ల (అద్దం పవరు కొలత) నుంచి మొదలుపెట్టి చూడాలి. ఆ పవరులో కాగితం 10 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి, 20 పవరైతే 5 సెంటీమీటర్లే. అంత దగ్గర పెట్టుకుంటే కళ్లు పాడవుతాయని భయపడనక్కర్లేదు, పాడవవు. ఎగ్జిబిషన్లలో అమ్మే పళ్లెమంత భూతద్దాలు కొనకండి, అద్దం ఎంత పెద్దదైతే పవరు అంత తక్కువ. చేయి వణికేవాళ్లకు కాగితం మీద నిలబడే, లైటున్న స్టాండు భూతద్దం మేలు. అయితే ఇదే భూతద్దం బాబాయిగారికి కీడు చేస్తుంది. చిన్న కిటికీలోంచి చూసే మనిషికి అక్షరం పెద్దది చేస్తే రెండక్షరాలు కూడా పట్టవు. ఆయనకు కావలసింది మంచి వెలుతురు, కాలి ముందు తడిమే తెల్ల కర్ర, దాన్ని వాడే శిక్షణ.

హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో లో విజన్ విభాగం ఉంది. పరికరాలు పెట్టి చూసి, వాడడం నేర్పుతారు. కొనేముందు ఒకసారి అక్కడ ప్రయత్నించి చూడటం మంచిది.

పరికరం కన్నా ముందు చేసేవి ఇంట్లోనే ఉన్నాయి. టేబుల్ లైటును పేజీకి పక్కన, వంచి పెట్టండి. లైటు దూరం సగం చేస్తే కాగితం మీద వెలుగు నాలుగింతలవుతుంది. నల్ల చార్టు ముక్కలో ఒక్క వరస మాత్రమే కనపడేలా అడ్డంగా కంత కోసి పేజీ మీద జరుపుకుంటూ చదివించండి. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి కాబట్టి కంతను రెండు వైపులా కాస్త వదులుగా కోయాలి. ఆయన 'వ'ను 'ప' అనీ 'ధ'ను 'థ' అనీ చదివితే మతిమరుపు అనుకోకండి. ఆ అక్షరాల మధ్య తేడా అంతా ఒక చిన్న గీత, ఒక చుక్క. మచ్చ మింగేది దాన్నే.

తెల్లన్నం మెరిసే స్టీలు కంచంలో ఆనదు, పెరుగన్నం తెల్ల ప్లేటులో అసలే ఆనదు. ముదురు రంగు కంచం కొనండి. మెట్ల అంచులకు రెండు అంగుళాల పసుపు పట్టీ అంటించండి. పొద్దుటి మాత్రల స్ట్రిప్పుకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి వాటికి రెండు చుట్టండి. కొత్త నోట్ల అంచున ఉబ్బెత్తు గీతలుంటాయి. వందకు నాలుగు, రెండొందలకు నాలుగు గీతలు మధ్యలో రెండు చుక్కలు, అయిదొందలకు అయిదు. వేలితో తడిమి పట్టుకోవడం నేర్పించండి. ఫోనులో రిజర్వు బ్యాంకు వారి మణి యాప్ పెడితే నోటు ఎంతదో అదే చెబుతుంది.

వరండాలో పిల్లల సంగతి చివరికి ఉంచాం, ఎందుకంటే మీకు అన్నిటికన్నా భయం అక్కడే ఉంది. చూపు బాగా తగ్గిన వాళ్లలో కంటి నుంచి బొమ్మలు రాక మెదడు తనంతట తానే బొమ్మలు అల్లుకుంటుంది. మనుషులు, పిల్లలు, పూల తీగలు, గళ్ల గుడ్డలు కనిపిస్తాయి, మాట్లాడవు. చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. సాయంత్రపు మసక వెలుతురులో ఎక్కువ. ఇది పిచ్చి కాదు, గాలీ ధూళీ కాదు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే పని అస్సలు లేదు. "అక్కడ నిజంగా ఎవరూ లేరని మీకు తెలుసా నాన్నా" అని నెమ్మదిగా అడగండి. తెలుసు అంటే ఇదే అయి ఉంటుంది. లైటు వేసి, కళ్లను రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పమనండి, చాలాసార్లు చెదిరిపోతాయి. మాటలు వినపడుతున్నాయన్నా, కనిపించినవాళ్లు నిజమేనని వాదించినా, మాటల్లో తికమక ఉన్నా డాక్టరుకు చూపించాలి. షుగరు బాగా పడిపోయినా ఇలా తికమక వస్తుంది, కాబట్టి ఆ క్షణంలో ఒకసారి షుగరు చూడండి.

ఉన్నట్టుండి కంట్లో నల్ల సాలెగూళ్లు తేలినా, మెరుపులు మెరిసినా, ఒక పక్క నుంచి పరదా దిగినట్టున్నా, ఎర్రబడి నొప్పితో వాంతులైనా, అది అదే రోజు ఆసుపత్రి పని.

ఇకపోతే ఇంట్లో అందరికీ ఒక అలవాటు చేయండి. ఆయన గదిలోకి ఎవరు వచ్చినా ముందు నోరు విప్పి తామెవరో చెప్పాలి. మీ అమ్మగారు కూడా కాఫీ అందిస్తూ "నేనేనండీ" అంటే చాలు, ఆయన గొంతుతో పోల్చుకుంటారు.